కనబడని చుక్క

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే మేడ ఒకదాని మెట్ల కింద హాషం కొట్టు ఉండేది. ఒక బల్ల, ఒక స్టూలు పట్టే జాగా. చుట్టుపక్కల క్లాసుల్లోని ప్రొజెక్టర్లు, తెర మీద ఎర్రచుక్క వేసే లేజర్ పెన్నులు పాడైతే అక్కడికే వచ్చేవి. ఇరవై ఏళ్లు అతను కుడికంటికి భూతద్దం బిగించుకుని పని చేశాడు.

పెన్ను బాగైందో లేదో చూడటానికి అతనికొక పద్ధతి ఉంది. మీట నొక్కి అరచేతి మీద చుక్క వెతుకుతాడు. పడకపోతే, రంధ్రం కంటికి ఆనించి లోపల దుమ్ముందేమో చూస్తాడు. వెలగని దానితో భయమేముంది?

2007 వానాకాలంలో యేసురాజు వచ్చాడు. పోలీసులకు సామాను అమ్మే ఒక చిన్న కంపెనీలో, ఎర్రమంజిల్ దగ్గర, స్టోరు చూసేవాడు. అగ్గిపెట్టెంత నల్లటి వస్తువొకటి బల్ల మీద పెట్టాడు.

"జర చూడు హాషం భాయ్. ఎల్లుండి ఆఫీసర్లకు చూపియ్యాలె. బ్యాటరీ తియ్యుడు మరిచిపోయిన, చిలుము పట్టింది. మా సారుకు తెలిస్తే నా నౌకరీ పాయె."

"ఏందన్నా గిది?"

"లేజర్. తుపాకీ మీద పెడ్తరు, గురికి."

"నీకు గురెందుకు యేసన్నా, క్యారమ్స్‌ల రాణిని సుత కొట్టలేవు."

యేసురాజు నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ వెలుగు రాత్రిచూపు దుర్భిణిలో తప్ప కనబడదని చెప్పడం అతనికి తట్టలేదు.

హాషం చిలుము గీకి, స్ప్రింగు మార్చి, మీట నొక్కాడు. అరచేతి మీద ఏమీ లేదు. మీట అలాగే ఉంచి రంధ్రంలోకి చూశాడు. లోపల చీకటి. వెలుగు కనబడితే రెప్ప దానంతటదే పడేది. స్ప్రింగు మూడుసార్లు సర్ది, మూడుసార్లు చూశాడు.

సాయంత్రం స్క్రూ తల కనబడలేదు. చూపు నిలిపిన చోటే లేదు, చుట్టూ అంతా ఉంది. భూతద్దం తుడిచాడు. కళ్లు కడుక్కున్నాడు.

మర్నాడు యేసురాజు దుర్భిణి తెచ్చి, షట్టర్ దించి చూశాడు.

"మస్తు చేసినవ్ భాయ్. గోడ మీద చూడు."

హాషం కుడికంటికి పెట్టుకున్నాడు. దుర్భిణిలో ఆకుపచ్చగా గోడ, దాని నడుమ మసక. ఎడమకంటికి మార్చాడు. చుక్క ఉంది, సన్నగా, కదలకుండా.

"ఉత్త కంటికి కనబడదా?"

"కనబడదు. గందుకే కంట్ల పడనియ్యొద్దట." యేసురాజు హాషం వైపు తిరిగాడు. "నువ్వు దాంట్లకు చూడలేదు గద?"

"లేదన్నా. ఫికర్ చెయ్యకు."

పంజాగుట్టలో కళ్ల డాక్టరు లోపలి పొర కాలిందనీ, ఆ మచ్చ పోదనీ చెప్పాడు. ఎలా అయిందని అడిగితే హాషం తెలియదన్నాడు. బయటికొచ్చాక భార్య మసూదా అడిగింది.

"యేసన్నకు చెప్పవా?"

"చెప్తే సీదా సారు దగ్గరికి పోయి తప్పు ఒప్పుకుంటడు. అసుంటి మనిషి."



నెలరోజులు హాషం ఎడమకంటితో ప్రయత్నించాడు. చెయ్యి ఆ కంటి మాట వినలేదు. టంకం వేసే వేడి కడ్డీ వెంట్రుకవాసి పక్కకు జరిగి రెండు బోర్డులు మాడిపోయాయి. వచ్చినవాళ్లను మధురానగర్‌లో ఇంకో కొట్టుకు పంపడం మొదలుపెట్టాడు. దసరా నాటికి బల్ల పైన ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి.

యేసురాజు ఒక కవరు ఏరుకుంటూ అన్నాడు.

"గంత మంచి పని చేతుల పెట్టుకొని గివి అమ్ముతున్నవేంది? బద్ధకం ఎక్కువైంది భాయ్ నీకు."

"అవునన్నా," అన్నాడు హాషం. "కూసొని కూసొని అలవాటైంది."