ఓడినందుకు లడ్డు

పందొమ్మిదివందల యాభైల్లో మద్రాసులో మా వర్క్‌షాపుకి బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. ఆ ఏడు లీగంతా గెలిచి, సెమీఫైనల్ దాటి, ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడాం. చివర్లో నేను వేసిన బంతి రింగు చుట్టూ తిరిగి బయటపడింది.

ఫైనల్ ఆడిన ఆ శనివారం సాయంత్రం వ్యాసర్పాడి బస్సులో జట్టు బనీనుతోనే కూర్చున్నాను. పక్కనున్న పొట్టి మనిషి, నడివయసువాడు, పొట్లం విప్పి లడ్డు ఇచ్చాడు. ఓదార్పనుకుని కొరికాను.

“దేనికిది, అన్నా?”

“మీరు ఓడిపోయినారు గదా, దానికి.”

నాకు ఒళ్ళు మండింది. ఆయన ముఖంలోనూ స్నేహం లేదు.

“నేనూ మీ వర్క్‌షాపులోనే పని చేసేది. దినమూ మూడు గంటలకి నువ్వు ప్రాక్టీసని పోతావు. నా పని ముగించుకోని, మళ్ళా నీ లేత్ మిషను ముందర నిలబడేది నేను. మీరు గెలిచినప్పుడల్లా నాకు ఇంకో వారం. సెమీఫైనల్ నాడే ఓడాలని మొక్కుకున్నా.”

“ఆ మాట మేస్త్రీకి చెప్పుకో. నాకెందుకు?”

“చెప్పినా. కప్పు ముఖ్యమన్నాడు.”

మిగిలిన లడ్డు కిటికీలోంచి విసిరేశాను. ఆయన చూశాడు, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

సోమవారం నా లేత్ ముందు ఎప్పటిలాగే ఎత్తు చెక్కపీట ఉంది. దాని మీద నూనె మసిలో రెండు పాదాల అచ్చులు. పొడుగువాణ్ణి, నాకది అడ్డం. సీజనంతా రోజూ పొద్దున్నే దాన్ని కాలితో పక్కకి తోశాను. ఎవరిదని ఒక్కనాడూ అడగలేదు.