దొరసానికి చివరి మరమ్మతు

మెర్ల్ ట్రెజైజ్ ఇరవై ఆరేళ్ళు మా ఊరు యాల్కరాలో పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుంది. ఎవరికి బ్యాంకు నోటీసు వచ్చిందో, ఎవరింటి అమ్మాయికి ఏ ఊరి నుంచి ఉత్తరాలు వస్తున్నాయో అన్నీ ఆమెకు తెలుసు. ఒక్క ముక్క బయటికి పొక్కలేదు. అంతమంది గుట్టు కాపాడిన మనిషి, అరవై తొమ్మిదో ఏట తన గుట్టు ఒక్కదాన్ని పది రోజులు దాచుకోలేకపోయింది. అది మైకులో ఊరంతా వినేట్టు బయటపడింది.

గుట్టంతా ఒక కారు గురించి. లేత గోధుమ రంగు స్టేషన్ వాగను, వెనక సామానుకు చోటున్న పొడుగు బండి. పెళ్ళైన మూడో ఏడు, పంట బాగా వచ్చిన సంవత్సరం, ఆమె భర్త రాన్ కొత్తది కొన్నాడు. ఇప్పుడు దానికి నలభై ఏళ్ళు పైబడింది. దానికి ఊళ్ళో ‘దొరసాని’ అని పేరు. ఫుట్‌బాల్ కుర్రాళ్ళకు కోసిన నారింజ పళ్ళూ, తల్లి చచ్చిన గొర్రె పిల్లలూ, ఒకసారి పక్క పొలం వాళ్ళ పెళ్ళికూతురూ అందులోనే ఎక్కి తిరిగారు. వెనక కుడి తలుపు ఒక్కటీ ఆకుపచ్చ. కంగారూ గుద్దుకుని అసలు తలుపు నుజ్జయితే, రాన్ ఎక్కడో పాత బండిది తెచ్చి బిగించాడు. రంగు రేపు వేద్దాంలే అన్నాడు. వేయకుండానే పోయాడు.

రాన్ పోయాక పదకొండేళ్ళు ఆ బండిని నడిపించింది మెర్ల్ అంటే సగమే నిజం. మిగతా సగం క్లెమ్ నోస్కె. గోధుమ గిడ్డంగుల వెనక రేకుల షెడ్డులో బళ్ళు బాగుచేసే మనిషి, రాన్ కన్నా పదేళ్ళు చిన్న, పెళ్ళి చేసుకోలేదు. మెర్ల్ దగ్గర డబ్బు తీసుకోడు. ఆమె నీలం రేకు డబ్బాలో ఎండుపళ్ళ కేకు చేసి పంపేది. అతను డబ్బా కడిగి, నిమ్మకాయలో కోడిగుడ్లో వేసి తిరిగిచ్చేవాడు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపడం మా ఊళ్ళో లేదు. మెర్ల్ ఏడాదికి రెండుసార్లు తాళం చెవి లోపలుంచి తలుపు వేసేస్తుంది కాబట్టి, రెండో చెవి అతని షెడ్డులో మేకుకు వేలాడుతుండేది.

అతను ఆమెను అడిగింది ఒక్కటే. రాన్ అంత్యక్రియల నాడు, చర్చి వెనక టీలు తాగుతుండగా అడిగాడు.

“ఎప్పుడో ఒకప్పుడు నువ్వు దీన్ని వదిలేస్తావు కదా మెర్ల్. ఆ రోజు మొదటి మాట నాకు చెప్పు. కొనగలనో లేదో తర్వాత సంగతి. మొదటి మాట నాది.”

“నీకు కాక ఇంకెవరికి చెప్తాను?” అని ఆమె చెయ్యి కలిపింది. చెయ్యి కలిపితే మా దగ్గర కాగితం రాసుకున్నట్టే. పొలాలు కూడా అలా చేతులు మారాయి.

ఈ ఏడు జూలై చలికి మెర్ల్ ఎడమ మోకాలు మొండికేసింది. క్లచ్ తొక్కాలంటే కళ్ళ నీళ్ళు తిరిగేవి. సెప్టెంబరులో, వంద కిలోమీటర్ల దూరంలో పట్నంలో ఒక షోరూం వాళ్ళు ప్రకటన వేశారు. గేరు మార్చే పని లేని కొత్త చిన్న కారు కొంటే, పాత బండి ఎంత పాతదైనా మూడు వేల డాలర్లు తగ్గిస్తారు. షరతు ఒక్కటే, అది తన చక్రాల మీద తాను నడిచి రావాలి.

దొరసాని అప్పటికి నలభై కిలోమీటర్లు దాటితే మరిగిపోతోంది.

ఇక్కడే మెర్ల్ తప్పు చేసింది, తెలిసే చేసింది. క్లెమ్‌కి చెప్తే అయిపోయేది. కానీ అతని దగ్గర మూడు వేలు ఎక్కడివి? ఉన్నంతలో ఇస్తానంటాడు, అది తీసుకోవడమూ కష్టమే, కాదనడమూ కష్టమే. ఎందుకొచ్చిన మొహమాటం అనుకుంది. అతని జేబులో ఎంతుందో అతన్ని అడక్కుండా తానే లెక్కేసేసింది. ఒక శుక్రవారం బండిని మెల్లగా షెడ్డుకు తోలుకెళ్ళింది.

“మా చెల్లెలింటికి వెళ్ళాలి క్లెమ్. అంత దూరం లాగుతుందంటావా?”

“ఇప్పుడున్నట్టు అయితే సగం దారిలో నీకు టీ కాచిపెడుతుంది,” అన్నాడతను. “రెండు రోజులు వదిలెయ్ తల్లీ. నిన్ను రోడ్డు మధ్యలో కూచోబెడితే రాన్ పైనుంచి దిగొచ్చి నా చెవి మెలేస్తాడు.”

శని, ఆదివారాలు రెండూ దానికే పెట్టాడు. తను దాచుకున్న మంచి రేడియేటరు బిగించాడు, గొట్టాలు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. సోమవారం తాళం చెవి చేతికిస్తూ, “ఇక పెర్త్ దాకా పో. నీ మోకాలు ఆగాలిగానీ ఇది ఆగదు,” అన్నాడు. మెర్ల్ నీలం డబ్బా ఇచ్చింది. అతను మూత తీసి వాసన చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి కూడా ఆమె బండెక్కి వెళ్ళిపోయింది.

బుధవారం దొరసాని వంద కిలోమీటర్లూ ఒక్క దగ్గు లేకుండా పట్నం చేరింది. షోరూం కుర్రాడు, “అబ్బ, ఇంజను భలే ఉందండీ! ఎవరు చూస్తారు దీన్ని?” అన్నాడు. మెర్ల్ సంతకం పెట్టి, తెల్ల కారులో ఏడుస్తూ ఇంటికొచ్చింది.

తెల్ల కారు వెనక కొట్టంలో చేరింది. మోకాలి కోసం కొన్న కారును దాచిపెట్టి, అదే మోకాలితో కొట్టుదాకా నడిచింది. తేలు కుట్టిన దొంగ అంటే అచ్చం అదే. మూడో రోజు రోడ్డు మీద క్లెమ్ ఎదురయ్యాడు.

“ఏం మెర్ల్, నడుస్తున్నావు? దొరసాని అలిగిందా?”

“లేదు లేదు! డాక్టరు నడవమన్నాడు.”

“మోకాలు పోయినవాళ్ళని నడవమనే డాక్టరా? వాడి దగ్గరికి బండి తీసుకెళ్తే చక్రాలు పీకి నడవమంటాడు,” అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మెర్ల్ షోరూం నంబరు వెతికి పెట్టుకుంది. పొద్దున్నే షోరూంకు ఫోను చేసి, బండి వెనక్కిచ్చేయండి, ఆ మూడు వేలూ కట్టేస్తానంది. మీరిచ్చిన మర్నాడే ఎవరికో అమ్మేశామన్నారు. ఎవరికని అడిగితే చెప్పలేదు.

సరే, షో అయిపోయాక నేనే వెళ్ళి చెప్తాను అనుకుంది. షో అంటే ఏటా అక్టోబరులో మా ఊరి మైదానంలో జరిగేది. గొర్రెలు, గుమ్మడికాయలు, కేకుల పోటీ, చివర్న సాయంత్రం నాలుగింటికి కార్లు గుద్దుకునే ఆట. పాత బళ్ళ అద్దాలు పీకేసి, తలుపులు అతికేసి, లోపల కూర్చున్న కుర్రాళ్ళు ఒకదాన్నొకటి గుద్దిస్తారు. చివరిదాకా ఇంజను ఆగనిదే గెలుపు. మధ్యాహ్నం మెర్ల్ కేకుకు మొదటి బహుమతి నీలం రిబ్బను వచ్చింది. అది పట్టుకుని, అందరితో పాటు కంచె దగ్గరికి వెళ్ళింది.

“పదిహేడో నంబరు! చూడండర్రా ఈ ముసల్దాన్ని!” అన్నాడు మైకులో మనిషి.

ఒళ్ళంతా ఎర్ర రంగు పూసి, తెల్లగా పదిహేడు అంకె వేశారు. వెనక కుడి తలుపు దగ్గర రంగు చాలక కాబోలు, కింది సగం ఆకుపచ్చ అలాగే ఉంది.

“ఏయ్, అది దొరసాని కాదూ?” అని పక్కనెవరో అన్నారు. మైకతను కూడా గుర్తుపట్టాడు. “మెర్ల్! నీ బండే! చెయ్యి ఊపు!” అని ఊరంతా నవ్వుతుంటే అరిచాడు.

గేటు దగ్గర నారింజ రంగు కోటు వేసుకుని, చేతిలో కాగితాల అట్టతో క్లెమ్ ఉన్నాడు. ప్రతి ఏడూ బళ్ళను పరీక్ష చేసి లోపలికి పంపేది అతనే. అంటే పొద్దున్నే దాని బానెట్ ఎత్తాడు. తను బిగించిన రేడియేటరు చూశాడు. చూసి, సరిగ్గానే ఉందని సంతకం పెట్టి లోపలికి వదిలాడు.

దొరసాని ఒక పట్టాన చావలేదు. మిగతావి ఒక్కొక్కటే ఆగిపోతుంటే, ముందు భాగం మడతలు పడి కూడా ఇంజను కొట్టుకుంటూనే ఉంది. జనం “పదిహేడు! పదిహేడు!” అని గొంతు చించుకున్నారు. ఆగిపో తల్లీ, ఇక ఆగిపో అని మెర్ల్ లోపల్లోపల మొక్కుకుంది. రెండే మిగిలాక ఒక ట్రక్కు దాన్ని కంచెకేసి నొక్కింది. తెల్లటి ఆవిరి ఆకాశానికి లేచింది. క్లెమ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మెర్ల్ జనంలోంచి కుంటుకుంటూ అతని దగ్గరికి వెళ్ళింది.

“క్లెమ్, నేను అబద్ధం చెప్పాను. చెల్లెలింటి ప్రయాణమూ లేదు, ఏమీ లేదు. నీ చేత బాగుచేయించి మరీ...”

“పొద్దున్నే తెలిసింది.”

“నీ దగ్గర అంత డబ్బు ఉండదనుకున్నాను. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని—”

“ఉంది మెర్ల్,” అన్నాడతను, కోపం లేకుండా. “పదకొండేళ్ళుగా దాస్తున్నాను. నాలుగు వేల చిల్లర. అడిగుంటే చెప్పేవాణ్ణి.” అట్ట చంకలో పెట్టుకుని, “ఉండు, ఆ కుర్రాడి మెడ ఎలా ఉందో చూడాలి,” అని మైదానంలోకి వెళ్ళిపోయాడు.

ఆమె చేతిలో నీలం రిబ్బను ఇంకా అలాగే ఉంది. దాన్ని మడిచి చేతిసంచిలో కుక్కింది.

సోమవారం పొద్దున్న తలుపు తీస్తే, వరండాలో నీలం డబ్బా. కడిగి, తుడిచి, మూత పెట్టి ఉంది. మెర్ల్ మోకాలి సంగతి మర్చిపోయి వంగింది. నిమ్మకాయలో, గుడ్లో పంపాడంటే మనసు మెత్తబడ్డట్టే. రెండు చేతులా ఎత్తింది. లోపల ఏదో చిన్నది గలగలమంది.

మూత తీసింది. దొరసాని రెండో తాళం చెవి. ఆమె పేరు రాసిన అట్టముక్క తీగతో కట్టి, మేకు మీద ఉన్నట్టే ఉంది.

ఖాళీ డబ్బా పంపని మనిషి క్లెమ్. దాన్ని ఇప్పుడు దేనితో నింపి తిరిగి పంపాలో తెలియక, మెర్ల్ వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది.