కోమలి పోయనన్న నూనె

తిరుచానూరు స్టాండులో టాక్సీ నడిపే కోమలికి మొండిదన్న పేరు ఊరికే రాలేదు. నగరిలో మరమగ్గాల మోత మధ్య పుట్టి, మగ్గాలు బాగుచేసే నాయన వెనకాల తిరుగుతూ పెరిగిన మనిషి. పెళ్ళయి ఇక్కడికొచ్చాక మొగుడి బండి తుడుస్తూ తుడుస్తూనే స్టీరింగు పట్టడం నేర్చుకుంది. మొగుడు నడుం పట్టేసి మంచమెక్కితే, ఎవరినీ అడక్కుండా తాళం తీసుకుని బండిని స్టాండు వరసలో చివర నిలబెట్టింది. ఆడమనిషి ఘాట్ రోడ్డెక్కుతుందా అని నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్విన వాళ్ళ బండ్లు దారిలో మొరాయించినప్పుడల్లా ఆమె తాడు కట్టి లాక్కొచ్చింది. అంతకంటే గట్టి చీవాట్లు ఇంకేముంటాయి?

ఆ స్టాండుకు ఒక ఆచారం ఉంది. ఆయుధపూజ నాడు బండ్లన్నిటికీ ఒకేసారి ఇంజను ఆయిలు మారుస్తారు. ముందురోజే స్టాండు పెద్ద తలా ఒక డబ్బా ఇస్తాడు. పొద్దున్నే వాటిని అమ్మవారి పటం ముందు పేర్చి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టాక పాతది దింపి ఇది పోసుకుంటారు. పూజ నూనె అని దానికి పేరు. పాత పెద్ద చెంగయ్య ఉన్నన్నాళ్ళూ సీలు వేసిన మంచి డబ్బాలే వచ్చేవి. ఆయన పోయాక ధనంజయ పెద్దయ్యాడు, డబ్బాలు అతని బావమరిది కొట్టు నుంచి రావడం మొదలైంది. ఘాట్ ఎక్కే బండికి ఇలా చిక్కగా, నల్లగా ఉండే నూనే బలమని ధనంజయ చెప్పాడు. అందరూ తలూపారు, కోమలితో సహా. బొట్టు పెట్టిన డబ్బాను తిప్పి సీలు చూసే పుణ్యాత్ముడు ఎవడుంటాడు?

ఆ తలూపుడు ఫలితం పోయిన ఏడాది కాణిపాకం దారిలో కనబడింది. వెనక యాత్రికుల కుటుంబం కూర్చుని ఉండగానే ఇంజను టకటకా కొట్టుకుని ఆగిపోయింది. చిత్తూరు మెకానిక్ వలి బాషా దాన్ని విప్పి, లోపల పాకంలా గడ్డకట్టిన మడ్డిని వేలితో తీసి చూపించాడు. వాడేసిన నూనెనే వడగట్టి మళ్ళీ డబ్బాలకెత్తుతారని చెప్పాడు. పొద్దున స్టార్టు చేయగానే ఇంజను పైదాకా పరుగెత్తేది పలచటి నూనేననీ, ఈ బండికి అదే పోయాలని కంపెనీ పుస్తకంలోనే ఉందనీ, చిక్కదనాన్ని చూసి బలమనుకోవడం మీ స్టాండువాళ్ళ పిచ్చి అనీ తిట్టాడు. బండి మళ్ళీ కదిలేదాకా ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో కోమలికే తెలుసు. ఇంకోసారి ఇంజను పోతే ఇక బాగుచేయించే దిక్కు లేదు, బతుకుతెరువు అక్కడితో సరి.

అందుకే ఈ ఏడు డబ్బా చేతికి రాగానే ఇంటికి తెచ్చి, నగరి తెల్లగుడ్డ ముక్క ఒకటి పరిచింది. మగ్గం నూనె చుక్క గుడ్డ మీద పడితే, అది పాకే తీరును బట్టి అందులో మురికెంతో చెప్పేవాడు వాళ్ళ నాయన. ఒక పక్క పూజ నూనె చుక్క వేసింది. మరో పక్క, తాను పుస్తకం చూసి కొనుక్కున్న సీలు డబ్బాలోది వేసింది. తెల్లారేసరికి కొన్న నూనె నెయ్యి మరకలాగా ఒకే తీరున పాకి ఉంది. పూజ నూనె మాత్రం అంచుల్లో జిడ్డు వదిలి, నడిమధ్య కాటుకలా నల్లగా కూర్చుంది. కోమలికి ఒళ్ళు మండిపోయింది.

ఆ గుడ్డ పట్టుకుని స్టాండుకు వెళ్ళేసరికి హారతి అయిపోయి అందరూ పాత నూనె దింపుతున్నారు. గుడ్డను తన బండి బానెట్ మీద పరిచి అందరినీ పిలిచింది. కొందరు వంగి చూశారు. కొందరు చూడనట్టు స్పానర్లు వెతుక్కున్నారు. ధనంజయ వచ్చి, అమ్మవారి ముందు పెట్టినదాన్ని పేలికతో పరీక్షిస్తావా అని మండిపడ్డాడు. ఈ నూనె పోయనివాళ్ళకు వరసలో చోటు లేదు పొమ్మన్నాడు. ఆ స్టాండులో చోటంటే కూడు. ఆ సంగతి ఎరిగినవాళ్ళే కాబట్టి వంగి చూసినవాళ్ళు కూడా వెనక్కి జరిగారు.

కోమలి తన వాటా డబ్బాను తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఆయమ్మ ముందర పెట్టినంత మాత్రాన కాలిన నూనె కొత్తదై పోతాదా అన్నా? సరే, పోస్తా. ముందు నీ బండిలో పొయ్యి. ఈడనే, అందురూ సూస్తా ఉండంగా."

ధనంజయ డబ్బా వైపు చూశాడు, తన కొత్త బండి వైపు చూశాడు. దానికి నిన్ననే షోరూములో నూనె మార్పించానన్నాడు. ఆ మాట ఎంత దూరం పోతుందో అన్నాక గానీ అతనికి తట్టలేదు. స్టాండు మొత్తం విన్నది. విని కూడా, సిగ్గులేకుండా, ఒకరి తర్వాత ఒకరు డబ్బాలెత్తి ఇంజన్లలో ఒంపుకున్నారు. కోమలికి ధనంజయ మీదకంటే వాళ్ళమీదే ఎక్కువ కోపం వచ్చింది. తన నూనె తాను పోసుకుని, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, స్టాండు దాటి బండిని రోడ్డు వారగా నిలబెట్టింది. దిగి, కాణిపాకం, కాళహస్తి అంటూ గొంతెత్తి పిలిచింది. ఆ పూట ఎవరూ ఎక్కలేదు. అయినా బండిని అక్కణ్ణించి కదపలేదు.

సాయంత్రం ఇంటి ముందు మునిప్రసాద్ బండి ఆగింది. వరసలో ఎప్పుడూ ఆమె వెనకే ఉండేవాడు, పొద్దున గుడ్డను కళ్ళారా చూసి కూడా తలొంచుకుని నూనె పోసుకున్నవాడు. గుమ్మం దగ్గరే నిలబడి, ఆ నూనె దింపి మంచిది పోసిపెట్టమనీ, ఎవరికీ చెప్పొద్దనీ గొణిగాడు. కోమలి అతన్ని లోపలికి రమ్మనలేదు.

"దింపుతానప్పా. ఈడ కాదు. రేపు పొద్దున స్టాండులో, ధనంజయ కుర్సీ ముందర దింపుతా. తెస్తావా బండి?"

అప్పుడు తన చోటు కూడా పోతుందన్నాడు మునిప్రసాద్.

"పోతే పోనీ. రోడ్డు మీద నా పక్కన శానా జాగా ఉండాది."

అతను బండెక్కి వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున కోమలి స్పానరూ, నూనె దింపే పాత తొట్టీ పట్టుకుని వెళ్ళేసరికి, ధనంజయ కుర్చీకి ఎదురుగా మునిప్రసాద్ బండి బానెట్ ఎత్తి ఉంది. దాని వెనకాల ఇంకో రెండు బండ్లవి కూడా ఎత్తి ఉన్నాయి. ఆమె కొంగు బిగించి, తొట్టిని ముందుకు తోసి, మునిప్రసాద్ బండి కిందికి దూరింది.