బోర్లా వేసిన ఎర్ర రాయి

పటాన్‌చెరులో మందుల డబ్బాలకు అట్టలు అచ్చేసే ప్రెస్సులో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే పని చేస్తానని అమ్మ గొణిగేది. మెడలో భూతద్దం వేలాడుతుండేది, ఏది దొరికినా దాని కింద పెట్టేదాన్ని. తొంభైల మొదట్లో ఒకరోజు మా మేనేజరు బొంబాయి నుంచి క్యాలెండర్ తెచ్చి గోడకు తగిలించాడు. నెలకొకటి చొప్పున, ఎప్పుడో ఫ్రాన్స్‌లో నాటకాలకు వేసిన వాల్‌పోస్టర్లు. పసుపు గౌనులో ఒకామె గిర్రున తిరుగుతోంది, పెదవులూ మేజోళ్లూ ఎర్రగా. రంగుకొక రాయి మీద గీసి అచ్చు తీశారని కింద ఇంగ్లీషులో రాసి ఉంది.

రాతితో అచ్చేమిటి? నాకు నమ్మబుద్ధి కాలేదు. భూతద్దం పెట్టి చూస్తే మా అట్టల మీద ఉన్నట్టే వరసగా చుక్కలు.

"గది ఫోటోకు ఫోటో బిడ్డా," అన్నాడు పక్క బల్ల దగ్గరి తాత. "అసలుదాంట్ల సుక్కలుండయి. గోడ మీద బొగ్గుతోని గీసినట్టుంటది."

ప్రెస్సులో అందరూ తాత అని పిలిచే ఆయన పని అచ్చుకు వాడే ఫిల్ముల మీద మచ్చలు దిద్దడం. కళ్లకు శుక్లాలు కమ్మి ఆ పని కూడా చేజారేలా ఉంది. వయసులో హైదరాబాదులో నాటకాలకు రాతి మీద ఐదు రంగుల పోస్టర్లు గీశానని ఆయనంటే మిషన్ల దగ్గరివాళ్లు నవ్వేవాళ్లు. నేను మాత్రం అడక్కుండా ఉండలేకపోయాను.

"రాయి మీద జిడ్డు మసితోని గీస్తం. నీళ్లు కొడితే రాయి తాగుతది, గీత తాగది. ఇగ రంగు పూస్తే గీతకే పడ్తది. అక్షరాలు తిరగేసి రాయాలె. రంగు మీద రంగు సక్కగ కూసోవాలంటే ప్రతి రాయికి నాలుగు దిక్కుల శిలువ లెక్క గుర్తు పెట్టాలె."

"ఈ ఫ్రాన్సోళ్లు మూలకు సంతకం పెట్టుకున్నరు. నువ్వు పెట్టినవా తాతా?"

"ఒక్కసారి. ప్రెస్సు సేటు సూస్తే అరగదీపిస్తడని ఎర్ర రంగు రాయి మీద బొమ్మ చీర అంచుల నా పేరు కలిపేసిన. అచ్చు కాకముందే జెరమొచ్చి మా ఊరు కొండాపూర్ పోయిన. ఆ పోస్టరు నేను సూడలే. నా పేరు వచ్చిందో లేదో, సచ్చే లోపల గదొక్కటి తెల్వాలె."

నా మనసు మాత్రం శిలువ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. బీరంగూడలో మా ఇంటి పెరట్లో ఉతుకుడు బండ ఉంది. షాబాద్ బండ అనుకుని అమ్మ పాత సామాన్ల దుకాణంలో కొన్నది. మధ్యలో మట్టి పేరుకుని ఉన్నా, మొదటిరోజు నీళ్లు పోయగానే అంచుల్లో నాలుగు శిలువలు కనబడ్డాయి.

"ఎవరి సమాధి రాయో ఇచ్చిండే," అని అమ్మ దాన్ని బోర్లా వేయించింది. వెనకవైపు ఉతికితే తప్పులేదని ఆమె లెక్క. అయినా ప్రతి క్రిస్మస్‌కు దాని మీద రెండు బంతిపూలు పెట్టేది.

ఎన్నో ప్రెస్సులు మూతపడి రాళ్లు అమ్ముకున్నాయి, అది ఈయన రాయే అవుతుందా? ఆశ పెట్టి ముసలాయనను ఏడిపిస్తానేమోనని భయం వేసింది. అయినా ఆదివారం బస్సులో తీసుకొచ్చాను. పక్కింటివాళ్లు గడ్డపారలతో బండను తిప్పి వెళ్లారు. ఇసుక తుడిచి, తడిగుడ్డతో రుద్దాను. రాయంతా తడిసింది. పెదవులు, గాజులు, ఒక చీర అంచు మాత్రం నీళ్లు అంటకుండా లేత ఎరుపులో తేలాయి.

"గాజులు లెక్కవెట్టు," అన్నాడు తాత. ఆయనకు ఆనడం లేదు.

"ఒక చేతికి ఐదు, ఇంకో చేతికి ఆరు."

తాత వంగి రాయిని తడిమాడు. "ఆ పోస్టరుకు ఒక గాజు ఎక్కువ గీసిన. నాదే. గీత ఎర్రగున్నదా?"

"ఎర్రగనే ఉన్నది తాతా. రంగు పూసి అచ్చు తీసిండ్రు."

అమ్మ బొట్టు అద్దం తెచ్చింది. చీర అంచు మీద పెట్టి వెతికాను. తీగల మధ్య మూడక్షరాలు, ఆయన పేరు. పైకి చదివాను. తప్పులు పట్టే నోరు ఊరుకోదు కదా. "తాతా, చివరి అక్షరం తిరగెయ్యలేదు. అద్దంలో అదొక్కటే ఉల్టా కనబడుతున్నది."

తాత నవ్వాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "ఊరందరి పేర్లు తప్పు లేకుంట రాసిన బిడ్డా. నా పేరు కాడనే తిరగెయ్యుడు మర్సిన."

"మరి ఇన్నేండ్లు నేను పూలు ఎవరికి పెట్టినట్టు?" అంది అమ్మ.

"నాకే తల్లీ," అన్నాడు తాత. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకోపారి సదువు," అన్నాడు. ఈసారి తప్పు చెప్పకుండా చదివాను.