కోచ్ సార్ కొలిచిన వేగం

మా కోచ్ సార్ పోయారని మొన్న పరకాల బస్టాండులో తెలిసింది. ఒకప్పుడు నాతో కలిసి రైఫిల్ పట్టిన స్నేహితురాలు బస్సెక్కబోతూ చెప్పింది. "హన్మకొండల సంతాప సభ పెడ్తాండ్రట. అప్పటి రైఫిల్ అసోసియేషన్ సెక్రెటరీ గూడ మాట్లాడ్తడట." ఆ చివరి మాటకు వస్తున్న ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది.

సార్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. సాయంత్రాలు ఊరి బయట ఫైరింగ్ రేంజిలో మాకు గురి నేర్పేవారు. సేద్యం చేసుకునే ఇంటి పిల్లకు తుపాకీ ఎందుకని అందరూ అడిగిన రోజుల్లో, ఆయన అడిగింది ఒకటే: "ఏమన్న తిన్నవా బిడ్డా?" జేబులోంచి వేయించిన పల్లీలు తీసి నా చేతిలో పోసేవారు. "ఊపిరి నీదే. దాన్ని ఉరికియ్యకు" అనేవారు.

డెబ్బయ్యో దశకం చివర, రాష్ట్ర జట్టు ఎంపికలో నా తూటాలు ఒకటి పైన, ఒకటి కింద తగిలాయి. "పిల్ల భయపడ్తాంది, చేతులు వణుకుతానయ్" అని సెక్రెటరీ అందరి ముందూ అన్నాడు. నా బదులు అతని మేనకోడలు ఎంపికైంది. నాకిచ్చినవి గోదాములో చెమ్మ పట్టిన పాత తూటాలు. ఆమెకిచ్చినవి కొత్తవి.

సార్ ఊరుకోలేదు. కాలేజీ ల్యాబు నుంచి క్రోనోగ్రాఫ్ అడిగి తెచ్చారు. తూటా వేగాన్ని కొలిచే యంత్రమది. రెండు చెక్క చట్రాలకు సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాన్ని సన్నగా కత్తిరించి అతికించి, యంత్రానికి తీగలు కలిపారు. మొదటి కాగితం తెగితే గడియారం మొదలవుతుంది, రెండోది తెగితే ఆగుతుంది. మొదటి చట్రం మరీ దగ్గరగా ఉండి, తూటా కంటే ముందే తుపాకీ గొట్టంలోంచి వచ్చే గాలికి కాగితం చిరిగేది. చట్రాన్ని ఇంకొంచెం దూరం జరిపారు. దారం లాగి వరుస సరిచూశారు. పేలిన ప్రతిసారీ నడిచి వెళ్లి, మైదా జిగురుతో కొత్త కాగితం అంటించి వచ్చేవారు.

కొత్త తూటాలన్నీ దాదాపు ఒకే వేగంతో వెళ్లాయి. పాతవాటిలో ఒక్కోటీ ఒక్కో వేగం.

"చూసినవా? మెల్లగ పోయిన బుల్లెట్ కిందికి దిగుతది. నీ చెయ్యి మంచిగనే ఉన్నది బిడ్డా."

సెక్రెటరీని పిలిచి మళ్లీ అంతా చేసి చూపించారు. అతను శ్రద్ధగానే చూశాడు. "కరెక్టే మాస్టారూ. కని పేర్లు పైకి పోయినయ్. ఇప్పుడీ లొల్లి ఎందుకు?"

"పిల్లను అందరి ముంగట అన్నరు. తప్పయిందని అందరి ముంగటనే చెప్పండ్రి."

అతను నవ్వి, సార్‌తో చేయి కలిపి, జీపెక్కాడు. కొన్నాళ్లకే రేంజి తాళాలు సార్ దగ్గర్నుంచి తీసేసుకున్నారు. వయసు మీదపడింది, ఆయనకు విశ్రాంతి కావాలన్నారు. ఆ తర్వాత నేనూ రైఫిల్ ముట్టలేదు.

సభకు వెళ్లాను. "ఈ రేంజికి ప్రాణం పోసిన మనిషి" అంటూ సెక్రెటరీ మైకులో పొగిడాడు. చప్పట్లు మొదలవగానే లేచి బయటికొచ్చేశాను.

నాకు ఆ సాయంత్రమే కళ్లలో మెదులుతోంది. జీపు వెళ్లిపోయాక సార్ మళ్లీ కాగితాలు అంటించి వచ్చారు.

"ఇంకోటి కొట్టు బిడ్డా."

"ఎందుకు సార్? చూసేటోళ్లే లేరు గద."

"నేనున్న గద."

కొట్టాను. మసక చీకటిలో యంత్రం మీద నారింజ రంగు అంకెలు వెలిగాయి. వాటిని చెరిపే మీట మీద వేలుంచి, నొక్కకుండా, సార్ చాలాసేపు అలాగే నిలబడ్డారు.