బ్యాడ్జికి రెస్ట్

మా అత్తను ప్లాంటులో అందరూ కిటికీ అక్క అనేవాళ్లు. మా నాన్నకు సొంత అక్క, మిగతా రెండొందల మందికి కిటికీ అక్క. అణు విద్యుత్ ప్లాంటు గేటు దాటాక, బట్టలు మార్చుకునే గదికి ముందు గోడలో ఒక చిన్న కిటికీ ఉండేది. దాని వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని ఇరవై ఆరేళ్లు ఆమె పొద్దున బ్యాడ్జిలు ఇచ్చింది, సాయంత్రం తిరిగి తీసుకుంది. ఆ బ్యాడ్జి పేరు రాసి తగిలించుకునే చీటీ కాదు. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బీ, లోపల ఫిల్ము ముక్క. చొక్కాకి పెట్టుకుని పని చేస్తే, మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో ఫిల్ము అంత నలుపెక్కుతుంది. నెలకోసారి ఫిల్ము కడిగి చూసి, వచ్చిన అంకె రిజిస్టర్లో ఎక్కిస్తారు. ఎక్కించేది మా అత్తే. అచ్చు గుద్దినట్టుండేది ఆమె రాత.

నోరు మాత్రం అంత కుదురు కాదు. కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకాయన లైను తప్పించుకుని ముందుకొస్తే, "లోపలికెళ్లాక రేడియేషన్‌కి కూడా మీ డిగ్రీ చూపిస్తారా సార్?" అందట. ఆయన వెనక్కి వెళ్లి లైన్లో నిలబడ్డాడు. ఈ కథ నాన్న ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటాడు. అక్క అంటే ఆయనకి అంత గొప్ప.

నాన్న అక్కడే వెల్డరు. ఇరుకు సందుల్లో పడుకుని పైపులు అతకడంలో ఆయన్ని మించినవాడు లేడు. నలభై తొమ్మిదో ఏట రక్తానికి సంబంధించిన జబ్బు వచ్చి, ఏడు నెలల్లో పోయాడు. ఆయన పని వల్లే ఆ జబ్బు వచ్చిందని రాసివ్వమని అమ్మ ప్లాంటు ఆఫీసులో అర్జీ పెట్టింది. "మృతునికి తగిలిన రేడియేషన్ పరిమితికి లోబడే ఉన్నది. వ్యక్తిగత అలవాట్లు కారణమై ఉండవచ్చును" అని జవాబు వచ్చింది. మళ్లీ పెడితే మళ్లీ అదే వాక్యం. మా నాన్నకున్న అలవాటల్లా భోంచేశాక పది నిమిషాలు కునుకు తీయడం. ఆ కాగితం చదివిన బంధువులు మాత్రం గొంతు తగ్గించి, "ఏం, తాగేవాడా?" అని అడిగేవాళ్లు. ఆ ఒక్క వాక్యం కొట్టేయించాలి. పదకొండేళ్లుగా అమ్మకి ఇంకో కోరిక లేదు.

ఆ ఏడాది టీవీలో సోవియట్ కాలంనాటి అణు ప్రమాదం మీద ఒక డ్రామా మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం వచ్చేది. మా ఇంటివైపు కన్నెత్తి చూడని వాళ్లు కూడా, "మీ ఆయన ఇలాంటి చోటే కదూ పనిచేసేవారు?" అని పలకరించడం మొదలుపెట్టారు. అమ్మ ప్రతి భాగానికీ ఏడ్చేది. నాకు ఒళ్లు మండేది. ఎక్కడో ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల చావుకి వెనకాల వయొలిన్లు కూడా ఉన్నాయి. మా నాన్న చావుకి ఉన్నది ఆ వాక్యం ఒక్కటే.

అత్త రెండు వీధులవతల ఉండేది. ప్రతి ఆదివారం వచ్చి, ఉన్నవాటిలో మంచి కుర్చీ చూసుకుని కూర్చునేది. డ్రామా అంతసేపూ తప్పులు పట్టడమే. "ఆ తలుపు అలా తెరుచుకోదు. వాడి చేతికి గ్లౌజేదీ? ఆ బట్టలు ఎవరైనా అలా వాటేసుకుని మోస్తారా?"

నాలుగో వారం భాగంలో ఒక ఫిట్టరు బ్యాడ్జి పూర్తిగా నల్లబడుతుంది. ఇక లోపలికి రావద్దని, బయట ఆవరణ ఊడవమని పంపేస్తారు. వాడి పెళ్లాం పెద్దసారు కాళ్ల మీద పడుతుంది.

"దానికింత గోలెందుకే?" అంది అత్త, టీవీలో ఉన్న ఆ పిల్లతోనే మాట్లాడుతున్నట్టు. "నాలుగు రోజులు బ్యాడ్జికి రెస్టిస్తే సరిపోయేదిగా."

అమ్మ టీవీ సౌండు తీసేసింది. "ఏంటి వదినా అంటున్నావ్?"

నోరు జారినట్టు అత్తకి అప్పటికీ తెలియలేదు. మామూలుగానే చెప్పుకుపోయింది. లోపల పెద్ద పైపు పగిలిన ఏడాది, ఐదో నెలకే నాన్న ఏడాది పరిమితి దాదాపు నిండిపోయింది. దాటితే చీపురు పట్టుకోవాలి. సూపర్‌వైజరు కిటికీ దగ్గరికొచ్చి, "వెల్డరు లేకపోతే పని ఆగిపోతుంది, నువ్వే ఏదో చూడమ్మా" అని నీళ్లు నమిలి వెళ్లాడు. నాన్న కూడా అడిగాడట, "చీపురు పట్టుకుంటే ఇంట్లో మొహం ఎలా చూపించనక్కా?" అని. అత్త ఆయన బ్యాడ్జి తీసి కింద సొరుగులో, బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. ఆయన ఉత్త చొక్కాతో లోపలికెళ్లాడు. తర్వాత అది అలవాటైపోయింది. పరిమితి దగ్గరపడ్డవాడల్లా కిటికీలోంచి తొంగిచూసి, "అక్కా, ఇవాళ నాదానికి రెస్ట్" అని నవ్వేవాడు.

"ఒక్కడికి కూడా చీపురు రానివ్వలేదు" అంది అత్త.

"బ్యాడ్జి సరే. మనిషికి తగులుతుందని తెలీదా నీకు?" అంది అమ్మ.

"ఎందుకు తెలీదు? ట్రైనింగ్‌లో చెప్పారుగా" అంది అత్త. "రోజూ చేతిలో పట్టుకునేది బ్యాడ్జినే. నెల తిరిగేసరికి పాడయ్యేదీ అదే. దాన్ని కాపాడితే వాణ్ని కాపాడినట్టే అనిపించేది."

అమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఇదే మాట ఆఫీసులో చెప్పు వదినా" అంది.

"జైల్లో వేస్తారే నన్ను."

"వేస్తే నేనొచ్చి చూస్తాను."

రెండు ఆదివారాలు అత్త మా గడప తొక్కలేదు. మూడోవారం సోమవారం పొద్దున్నే వచ్చింది. చేతిలో సంచి, అందులో రెండు జతల బట్టలు, తువ్వాలు, బీపీ మాత్రలు. నిజంగానే జైలుకి తయారై వచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వొచ్చినందుకు నామీద నాకే అసహ్యమేసింది.

అమ్మ రాయించిన కొత్త అర్జీ పట్టుకుని ముగ్గురం ప్లాంటు ఆఫీసుకి వెళ్లాం. ఆఫీసరు నాకంటే చిన్నవాడు. ముగ్గురికీ కుర్చీలు వేయించాడు. "టీవీలో ఆ డ్రామా చూస్తున్నారా? అద్భుతంగా తీశారు. ఇంట్లో మా అందరికీ కన్నీళ్లాగలేదు" అన్నాడు. అత్త చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. తర్వాత పాత రిజిస్టరు తెప్పించి ఆమె ముందుకి తిప్పాడు.

"ఈ రాత మీదేనా?"

"నాదే బాబూ."

"కింద సంతకం?"

"అదీ నాదే."

"డబ్బాలో ఎవరివి పెట్టారు? ఏ తేదీల్లో?"

"రాసుకోలేదు బాబూ. రాసుకునే పని కాదు కదా అది."

"మరి మీరే చెప్పండి. ఇంత చక్కటి రిజిస్టరు ఎదురుగా పెట్టుకుని, నోటిమాట నేనెలా పట్టించుకోను? రాసిందీ మీరేనాయె." అర్జీ మీద రెండు ముక్కలు గీకి అమ్మకి ఇచ్చాడు. రికార్డులో లోపం కనబడలేదు, పాత జవాబే ఖాయం.

అమ్మ ఆ కాగితాన్ని మడవకుండా అలాగే పట్టుకుంది. అత్త లేవలేదు. "నన్ను పట్టుకోరా?" అని అడిగింది.

"మీరేం తప్పు చేశారని? మీ రికార్డంత శుభ్రమైన రికార్డు ఈ ఆఫీసులో ఇంకోటి లేదు." మమ్మల్ని చూసి, "పెద్దావిడని జాగ్రత్తగా దింపండి" అన్నాడు.

బస్సు కోసం నిలబడ్డాం. అమ్మ అడిగింది.

"ఆ కిటికీ దగ్గర నీకూ ఒక బ్యాడ్జి ఉండేదా వదినా?"

"ఉండేది. అందరికీ ఇచ్చేవాళ్లు."

"ఎప్పుడైనా దాన్ని డబ్బాలో పెట్టావా?"

"ఎందుకు పెడతాను? నాది రోజూ పైటకే ఉండేది."

బస్సొచ్చింది. అమ్మ ఎక్కి, ఇద్దరు కూర్చునే సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నేను ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాను. అత్త ఫుట్‌పాత్ మీదే నిలబడి, మేము పిలుస్తామని మావైపు చూసింది. మేమిద్దరం పిలవలేదు.