సుగుణ మేడం అడిగిన ఒక్క డౌట్

నిన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ అడ్మిషన్ క్యూలో నాన్నతో నిలబడి ఉన్నాను. క్లాస్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

మన సోషల్ మేడం, సుగుణ మేడం, ఇక లేరట. గుండెపోటు.

నమ్మలేదు. శ్రావ్యకి ఫోన్ చేసి తిట్టాను కూడా, ఇలాంటి వాటితో జోకులేంటని.

అవతల అది ఏడుస్తోంది.

టెన్త్ రిజల్ట్స్ వచ్చి ఎన్ని రోజులైందని? ఆ రోజు మేడం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "సోషల్ల ఎన్నొచ్చినయ్?" అని అడిగారు. మిగతా సబ్జెక్టుల గొడవ ఆవిడకి అక్కర్లేదు. మ్యాథ్స్‌లో ఎలాగోలా గట్టెక్కి గంతులేస్తున్న వాళ్లను కూడా సోషల్ మార్కులే అడిగి, రెండు తగ్గాయని తిట్టి, తర్వాత కంగ్రాట్స్ చెప్పారు.

ఎనిమిదో క్లాసులో మ్యాప్ లెసన్ గుర్తుందా?

ఇంటి నుంచి స్కూలుకి దారి గీసుకురమ్మన్నారు. ఎల్బీనగర్ పిల్లలం కదా, అందరం మెట్రో పిల్లర్ నంబర్లు వేసుకుని తెచ్చాం. మేడం చార్టులన్నీ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఏందిరా ఇది? ఈ తొవ్వల మనుషులే లేరా? పిల్లర్లు మీకు పంచర్ ఏస్తయా, మిర్చీలు చేస్తయా? పోండ్రి, ఎవరెవరున్నరో రాస్కరాండ్రి."

మళ్లీ గీశాం. పంచర్ తాత, మిర్చి బండి అక్క, ఇస్త్రీ అంకుల్, అందరూ వచ్చారు. దేవేందర్ గాడు వాళ్ల గల్లీ కుక్క పేరు కూడా రాసుకొచ్చాడు. మేడం దానికీ టిక్కు పెట్టారు.

సాయంత్రం స్టడీ అవర్‌లో మనం ఆకలికి సోలిపోతుంటే స్టీల్ డబ్బాలో గుడాలు తెచ్చేవారు. ఉడకబెట్టిన శనగలు, పైన ఉల్లిగడ్డ ముక్కలు. సైదాబాద్‌లో ఎగ్జామ్ సెంటర్ పడితే, తన సబ్జెక్ట్ కాని రోజుల్లో కూడా గేటు దగ్గర ఎక్స్‌ట్రా పెన్నులు పట్టుకుని నిలబడ్డారు.

ఇవన్నీ మీకూ తెలుసు.

మీకు తెలియనిది ఒకటుంది. మూడుసార్లు టైప్ చేసి డిలీట్ చేశాను.

మన స్వపరిపాలన దినోత్సవం రోజు. టెన్త్ వాళ్లం టీచర్లం, టీచర్లేమో మన బెంచీల్లో స్టూడెంట్లు. నేను సోషల్ మేడం. "నా లెక్క కనవడాల్నంటే నా చీరే ఉండాలె" అని మేడం తన పోచంపల్లి చీర ఇచ్చారు.

ఆ చీర నాకు కట్టింది మన ఆయమ్మ, యాదమ్మ. పొద్దున్నే, మీరెవరూ రాకముందు, చీపుర్లు పెట్టే గదిలో. పిన్నులు పళ్ల మధ్య పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దింది.

యాదమ్మ మా అమ్మ.

అవును. ఐదేళ్లు మీతో పాటు నేనూ ఆమెను ఆయమ్మా అనే పిలిచాను. ఆరో క్లాసులో చేరిన రోజు అమ్మే చెప్పింది, "స్కూల్ల నన్ను అమ్మ అనకు బిడ్డా, నీ దోస్తులు నవ్వుతరు" అని. తర్వాత తర్వాత ఆ మాట నాకే బాగా కలిసొచ్చింది. హయత్‌నగర్ నుంచి ఆమె ముందు బస్సులో వచ్చేది, నేను తర్వాతి బస్సులో. పేరెంట్స్ మీటింగ్‌కి నాన్న వచ్చేవాడు. టీచర్లందరికీ తెలుసు. సుగుణ మేడం గట్టిగా చెప్పబట్టే ఎవరూ మీ ముందు ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు నేను పాఠం చెబుతుంటే మేడం మూడో బెంచీలోంచి చెయ్యెత్తారు.

"టీచర్, ఒక డౌట్. చీర మస్తుగున్నది. ఎవరు కట్టిన్రు?"

అమ్మ అప్పుడే తలుపు దగ్గర వాటర్ క్యాన్ దించుతోంది.

"యూట్యూబ్ చూసి నేనే కట్టుకున్నా" అన్నాను.

మీరంతా చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా నవ్వింది. క్యాన్ పెట్టేసి వెళ్లిపోయింది.

మర్నాడు చీర తిరిగివ్వడానికి భయపడుతూ వెళ్లాను. చెడామడా వాయిస్తారనుకున్నాను. మేడం చీర బ్యాగులో పెట్టుకుని, "నా డౌట్ అట్లనే ఉన్నది. తొందరేం లేదు. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు" అన్నారు.

అంతే. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నాతో మాట్లాడే తీరులో కూడా ఏ తేడా లేదు.

తిట్టి ఉంటే ఒక పూట ఏడ్చి మర్చిపోయేదాన్ని. మీరు తిట్టలేదు మేడం, నా కోసం ఆగారు. నేను చెబుతానని నాకే నమ్మకం లేనప్పుడు మీరు నమ్మారు. దానికి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే.

మార్కుల మెమో తీసుకునే రోజు చెబుదామనుకున్నాను. ఆ రోజు ఇంకా రానేలేదు.

నిన్న కర్మన్‌ఘాట్‌లో మేడం ఇంటికి అందరం వెళ్లాం కదా. గేటు పక్కన ఒక్కతే నిలబడి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది మా అమ్మే. నేను మీ మధ్యలో ఉన్నాను. పది అడుగుల దూరం. నిన్న కూడా వెళ్లి ఆమె పక్కన నిలబడలేకపోయాను. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇది పోస్ట్ చేసే ముందు అమ్మకు చదివి వినిపించాను.

"మేడం ఉన్నప్పుడు చెప్తే మస్తు ఖుష్ అయితుండె" అంది.

తర్వాత, "పెట్టు బిడ్డా" అంది.

మేడం, లేటైంది. సారీ.

చీర కట్టింది మా అమ్మ.

వెళ్లిరండి మేడం. ఏ దిగులూ లేకుండా హాయిగా ఉండండి.